వెనకబడిన బానెట్

పత్రికలో ప్రమాదాల వార్తలు దిద్దడం చాలాకాలం నా పని. బస్సు బోల్తా పడింది, లారీ వాగులో దిగింది, జీపు చెట్టుకు గుద్దుకుంది. ఇలాంటివి నా చేతుల మీదుగా ఎన్ని పోయాయో నాకే తెలియదు. కానీ నా సొంత కారుకు పట్టిన గతి లాంటిది ఒక్కటి కూడా నా బల్ల మీదికి రాలేదు. ఇంజను పేలలేదు, చివరిదాకా నిక్షేపంగా మోగింది. చక్రాలు ఊడలేదు. నేను నిద్రపోలేదు, తాగలేదు, దారి తప్పలేదు. అయినా చేవెళ్లలో బయలుదేరిన కారు మొయినాబాదుకు చేరలేదు. అంటే చేరింది అనుకోండి, కానీ ముక్కలు ముక్కలుగా, నానా రకాల వాహనాల మీద. ఆ ఘోరం ఇప్పుడు మీ ముందు పెడుతున్నాను. అన్నం తింటూ చదివే అలవాటున్నవారు దయచేసి పళ్లెం పక్కన పెట్టండి. పొలమారితే నా బాధ్యత కాదు.

అవి యుద్ధం రోజులు. మాది ఎంకపల్లి. మా బాపు మిషన్ బడిలో పంతులు. అవ్వ ఇల్లు, బర్రెలు, కోళ్లు, నన్ను చూసుకునేది. ఈ వరుసలో కష్టమైన పని నేనే అని ఆమె అందరికీ చెప్పేది. నా పేరు దానం. చదువు ఏదో ఒక గట్టుకు చేర్చి, ఏ ఉద్యోగానికీ పోకుండా, రోడ్డు మీద కనబడిన ప్రతి మోటారు బండి వెంట పరుగెత్తడం నా దినచర్య. ఇరవై దాటిన మనిషి బండ్ల వెంట పరుగెత్తడం ఊళ్లోని కుక్కలకు కూడా నచ్చేది కాదు. తమ పని ఎవరో లాక్కుంటున్నట్టు చూసేవి.

ఆ రోడ్డు మీద నిత్యం తిరిగేది కాసిం సేట్ లారీ. షాబాద్ నుంచి చేవెళ్ల, చేవెళ్ల నుంచి మొయినాబాద్, అక్కడి నుంచి షహరు, అంటే పట్నం. జొన్న బస్తాలు, వంకాయ గంపలు, వాటి మీద మనుషులు. పెట్రోలుకు కరువు వచ్చాక సేట్ లారీ వెనక పెద్ద ఇనుప పీపా కట్టించి, దాంట్లో బొగ్గులు రాజేసి, ఆ పొగతో ఇంజను నడిపేవాడు. ఎత్తు వస్తే జనం దిగి నెట్టాలి. పల్లం వస్తే దేవుణ్ని తలచుకోవాలి. సేట్ స్వయంగా నడిపేవాడు. షహరులో ఆయనకు మోటార్లు బాగుచేసే కార్ఖానా ఉంది. అందులో మిస్త్రీగా చేరడమే నా జీవితాశయం. మిగతా కుర్రాళ్లు పెళ్లి కలలు కంటుంటే నేను చేతులకు నూనె మరకలున్నట్టు కలగనేవాణ్ని.

ఒకరోజు మొయినాబాదులో లారీ ఆగి ఉండగా ధైర్యం చేసి అడిగాను.

"సేట్, నన్ను నీ కార్ఖానల పెట్టుకో."

"ఏం పనొస్తది నీకు?"

"అన్నీ వస్తయ్."

"అన్నీ వస్తయన్నోనికి నేను చాయ్ తెచ్చే పని గూడ ఇయ్య బేటా. ఒక్కటి చెప్పు."

నోటికి వచ్చింది అనేశాను. "కారు చేస్త. రేసు కారు. నీ లారీ కంటే ముందు పోతది."

సేట్ లారీకి ఆనుకుని కడుపు పట్టుకుని నవ్వాడు. "అరే, నా లారీ కంటే ముందు మా అమ్మీజాన్ గూడ పోతది, చేతికర్ర పట్టుకొని!"

"అయితే షర్తు కట్టు."

చుట్టూ జనం పోగయ్యారు. జనం పోగైతే సేట్ వెనక్కి తగ్గే మనిషి కాదు. నేను అంతకంటే కాదు.

"సరే. చేవెళ్ల కాడ ఇద్దరం ఒక్కసారే కదులుదం. మొయినాబాద్‌కు నీ కారు నాకంటే ముందొస్తే తెల్లారి కార్ఖానకు రా, మిస్త్రీ పని నీదే. గని ఒక్క మాట. మొత్తం కారు రావాలె. చక్రం సంకల పెట్టుకొని, స్టీరింగ్ చేత పట్టుకొని ఉరికొస్తే ఒప్పుకోను."

"మొత్తం కారే వస్తది సేట్. మూల మూలతోని సహా."

సేట్ ధర్మాత్ముడు. తన కార్ఖానాలో మూలన పడి ఉన్న ఒక పాత మోటారు సైకిలు ఇంజను తెచ్చి నాకు ఇచ్చాడు. "చచ్చిపోయింది. లేపితే నీ నసీబు," అన్నాడు.

ఇంటికి వచ్చి బాపుకు చెప్పాను. బాపు దేన్నైనా బళ్లో పాఠం అడిగినట్టే అడిగేవాడు.

"ఓడిపోతే?"

"ఓడను బాపు."

"నేనడిగింది గది గాదు. ఓడిపోతే?"

"ఓడెటట్టు లేదు బాపు, దాని బరువే..."

"ప్రశ్నకు జవాబు చెప్పు. ఓడిపోతే?"

"ఓడిపోతే నువ్వు చెప్పినట్టు చేస్త."

"అయితే ఇను. ఇంట్ల బర్లున్నయ్. ఓడితే ఆటి ఎనక పోవాలె. మల్ల ఇంట్ల మోటారు ముచ్చట ఎత్తొద్దు."

ఒకవైపు కార్ఖానా, ఒకవైపు బర్రెలు. అంతకుమించి నా ముందు జీవితం లేదు. అయినా నాకు ఏ కోశానా భయం లేదు. ఇప్పుడు తలచుకుంటే ఆ ధీమా మీదే నాకు గౌరవం కలుగుతుంది, కారు మీద కాదు.

నా కార్ఖానా అంటే మా బర్రెల కొట్టమే. సగం వాటికి వదిలి సగం నేను తీసుకున్నాను. పటకారు, సుత్తె, ఆకురాయి, అవ్వకు తెలియకుండా వంటింట్లో నుంచి తెచ్చిన ఇనుప గరిటె, ఇవి నా పనిముట్లు. బర్రెలు మధ్య తడికె మీదుగా తలలు పెట్టి రోజంతా నన్నే చూసేవి. నా పనితనానికి అవి మురిసిపోతున్నాయని అనుకునేవాణ్ని.

రేసు కారు గురించి నాకు తెలిసింది అప్పట్లో ఒక బొమ్మల పత్రికలో చూసిన ఒకే ఒక్క బొమ్మ, దాని కింద రాసిన ఒకే ఒక్క సంగతి: బరువు ఎంత తక్కువైతే వేగం అంత ఎక్కువ. దాన్ని పట్టుకుని ఊగిపోయాను. పాత ఇనుప మంచం పట్టీలతో చట్రం కట్టాను. సైకిలు చక్రాలు వేశాను. చచ్చిన ఇంజనును విప్పి, కడిగి, బిగించి, మళ్లీ విప్పి, చివరికి లేపాను. అది లేచిన రోజు మా కోళ్లు ఇంటికప్పు ఎక్కి సాయంత్రం దాకా దిగలేదు. ఇక బరువు తగ్గించే యజ్ఞం మొదలైంది. సీటు వద్దన్నాను, గోనెసంచి చాలు. హారను వద్దన్నాను, నా గొంతు చాలు. చక్రాల మీద రేకులు వద్దన్నాను, బురద ఎవరికి పడితే వాళ్లే కడుక్కుంటారు. చివరికి నా తిండి కూడా తగ్గించాను.

"కారు తేలిక గావాలంటే నువ్వెందుకు ఎండుతున్నవ్ బిడ్డా?" అంది అవ్వ.

"నేను గూడ కారుల భాగమే అవ్వా."

"అయితే కారుకు గూడ రెండు జొన్నరొట్టెలు పెడ్త, ఆగు. పాపం దాని పక్కబొక్కలు గూడ కనబడుతున్నయ్."

నిజమే, కనబడుతున్నాయి. చట్రానికి పైన తొడుగు లేదు. రేకు వేద్దామంటే యుద్ధం పుణ్యమా అని దొరకదు, దొరికినా బరువు. తొడుగు లేకపోతే అది కారు కాదు, దెబ్బతిన్న మంచం. ఆ దిగులుతో కూర్చున్న రోజు నా కళ్ల ముందే అవ్వ ఒక వెదురు గంపకు పూత పూస్తోంది. మా వైపు ఇళ్లలో ఇది మామూలే. పాత కాగితాలు, మెంతులు నానబెట్టి మెత్తగా రుబ్బి, గంపలకు, చేటలకు దట్టంగా పూసి ఎండబెడతారు. పిండి కారదు, పురుగు పట్టదు, చేత్తో కొడితే డప్పులా మోగుతుంది.

"అవ్వా, గది ఎండితే ఎంత గట్టిగుంటది?"

"నా పెండ్లప్పటి గంప అదో, అటక మీదున్నది. నీ అసొంటోడు మీద కూసున్నా పలగలేదు."

"బరువు?"

"గంపకు బరువేంది? ఎత్తి సూడు."

ఎత్తి చూశాను. పిచ్చుకను ఎత్తినట్టు ఉంది. ఆ క్షణాన నా బుర్రలో వెలిగిన దీపానికి ఇప్పటికీ నేను మూర్ఖంగా గర్వపడుతున్నాను. కారుకు గంప తొడుగు! మేదరివాళ్ల చేత ముందు బానెట్టు, పక్క రెక్కలు, వెనక మొనదేలిన తోక అల్లించుకొచ్చాను. ఇక కాగితం కావాలి. బాపు ఏళ్ల తరబడి దాచిన పరీక్ష కాగితాలు పెట్టె నిండా ఉన్నాయి.

"తీస్కపో," అన్నాడు బాపు. "ఆ పోరగాండ్లు రాసింది దేనికన్న పనికొస్తే గంతకంటే ఏం గావాలె."

ఇక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. కానీ నాలో ఇంజనీరు లేచాడు. గంప వేరు, రేసు కారు వేరు. అవ్వ పూతను మరింత పటిష్ఠం చేయాలని తీర్మానించాను. మిషన్ బంగళా గోడలు కట్టినప్పుడు సున్నంలో బెల్లం నీళ్లు కలపడం చూశాను. బెల్లం పోస్తే రాయిలా పట్టుకుంటుంది. కాబట్టి బెల్లం. కాగితం గుజ్జు చాలకపోతే కలపడానికి తవుడు. తవుడుకన్నా తేలికైనది లోకంలో ఏముంది? నీళ్లు జారిపోవాలంటే నూనె జిడ్డు ఉండాలి. నూనె ఖరీదు, కాబట్టి గానుగ చెక్క దంచి కలిపాను. చెదలు పట్టకుండా ఉప్పు. ఒక్కొక్కటి కలుపుతుంటే ఒక్కొక్క కారణం నాకు నేనే చెప్పుకుని తల ఊపుకున్నాను. అవ్వ ఒళ్లు వంచి రుబ్బిపెట్టింది. ఇద్దరం మోచేతుల దాకా పూసుకుని పూశాం.

ఇంట్లో పాడి ఉన్న పాఠకులు ఈపాటికి లేచి నిలబడి ఉంటారు. కూర్చోండి. నాకు అప్పుడు తట్టలేదు, అవ్వకూ తట్టలేదు. ఆ పదార్థాలన్నీ ఆమె రోజూ సాయంత్రం ఒకే తొట్టిలో వేసేది. కానీ తొట్టిలో ఉన్నదాన్ని తొట్టిలో ఉన్నట్టే చూస్తాం కదా! కారు ఆకారంలో ఉంటే ఎవరు గుర్తుపడతారు?

మా నల్లపోరి గుర్తుపట్టింది. నల్లపోరి అంటే మా బర్రెల్లో పెద్దది. ఈ మధ్యే ఈనింది. పూత ఎండుతుండగా ఒకరోజు తడికె సందులోంచి నాలుక చాచి బానెట్టు అంచును శ్రద్ధగా నాకుతోంది.

"సూడు అవ్వా, పశువుకు గూడ నచ్చింది నా కారు!" అన్నాను.

"దూడనుకుంటున్నదేమో బిడ్డా," అంది అవ్వ మురిసిపోతూ.

ఎండాక చూస్తే బానెట్టు మీద, సరిగ్గా నడిమధ్య, ఎర్రసిరా సున్న ఒకటి తేలింది. సరిగా నానని కాగితం ముక్క. బాపు వంగి చూశాడు.

"ఎవని కాగితమో నేను గుర్తుపడ్త. లెక్కలు."

"ఉండనియ్ బాపు. రేసు కార్లకు నంబరుంటది."

అలా నా కారు సున్నా నంబరు కారు అయింది. ముందే హెచ్చరిక వచ్చిందని ఇప్పుడు మీరు అంటారు. అప్పుడు ఎవరూ అనలేదు.

పందెం ముందు రోజు సాయంత్రం కారును ఎడ్లబండి మీద పెట్టి చేవెళ్లకు తీసుకుపోయాను. పెట్రోలు చీటీల మీద దొరికేది, రేసుకు తప్ప చుక్క ఖర్చు పెట్టకూడదు. దారి పొడుగునా ఎడ్లు ముందుకు నడవడం మానేసి వెనక్కి తిరిగి చూస్తుంటే, నా కారు అందం ఎడ్లను కూడా కట్టిపడేస్తోందని అనుకున్నాను. ఆత్మవిశ్వాసం ఉన్నవాడికి లోకంలో ప్రతిదీ సాక్ష్యమే.

తెల్లవారాక చేవెళ్లలో జనం గుమిగూడారు. ఎవరో కారును వేలితో కొట్టి చూశారు. డప్పులా మోగింది. నేను ఒంటిచేత్తో దాని ముందు భాగాన్ని ఎత్తి చూపించాను. చప్పట్లు. సేట్ బొగ్గుల పీపాలో పంఖా తిప్పుకుంటూ అన్నాడు:

"దానం, గాలొస్తే పోతది నీ కారు. తాడు కట్టుకొని కూసో."

"సేట్, నీ లారీ పొగల నా కారు కనబడదేమో. మొయినాబాద్‌ల చాయ్ చెప్పి పెడ్త, నిమ్మళంగ రా."

ఇద్దరం ఒకేసారి కదిలాం. లారీ దగ్గింది, తుమ్మింది, ఊగింది. నా కారు లేడిపిల్లలా దూకింది. నిజం చెబుతున్నాను, ఇందులో అతిశయోక్తి లేదు, లేదా చాలా కొద్దిగా ఉంది. గాలి చెవుల్లో హోరెత్తింది. ఎడ్లబండ్లు, టాంగాలు వెనక్కి పారిపోయాయి. ఒక సైకిలువాడు కొంతసేపు నాకు పోటీ ఇచ్చాడు కానీ అతను పల్లంలో ఉన్నాడు కాబట్టి లెక్కలోకి రాదు. వెనక్కి తిరిగి చూస్తే లారీ లేదు, దాని పొగ మాత్రం దూరంగా పొగాకు చుట్టలా కనిపిస్తోంది. గెలుపు నా గోనెసంచి కింద కూర్చుని ఉంది. ఇంజను వేడికి బానెట్టు వెచ్చబడి, కమ్మటి బెల్లం వాసన వస్తోంది. విజయానికి వాసన ఉంటుందంటే ఇదే కాబోలనుకున్నాను.

ఎంకపల్లి మలుపు దగ్గరికి వచ్చేసరికి ఊరు ఊరంతా రోడ్డు మీద ఉంది. అవ్వ మజ్జిగ చెంబుతో నిలబడింది. బాపు చేతులు కట్టుకుని, జవాబు పత్రం ఎలా దిద్దాలా అని ఆలోచిస్తున్నట్టు చూస్తున్నాడు. తెలివైనవాడైతే చెయ్యి ఊపి వెళ్లిపోయేవాడు. నేను కారు ఆపాను. ఇంజను ఆపాను. మజ్జిగ తాగాను. ఇంతటితోనైనా దిగకుండా కదిలి ఉంటే మిస్త్రీనై పోయేవాణ్ని. కానీ లారీ పొగ ఇంకా దూరంగానే ఉంది, జనం ఇంత మంది ఉన్నారు, బాపు ఇంకా నవ్వలేదు. కారు మీద నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టాను.

"ఎంకపల్లి పెద్దలారా! గీ కారు దేనితోని చేసిన్నో తెలుసా?"

జనం నవ్వారు. నాకు హుషారు పుట్టింది.

"మన ఇండ్లల్ల ఉన్నదాంతోనే చేసిన! దీనికి ఇలాయతీ సామాను అక్కర లేదు!"

ఇంకా గట్టిగా నవ్వారు. ఉపన్యాసానికి ఇంత స్పందన వస్తుందని తెలిస్తే ఎప్పుడో రాజకీయాల్లో చేరేవాణ్ననుకున్నాను.

"రేసు కారు గొప్పతనమంత ఏంల ఉన్నది? తేలికల ఉన్నది! గీ కారు చూడుండ్రి, ఎంత తేలికగున్నదో!"

ఈసారి కొందరు నవ్వలేక రోడ్డు మీద కూర్చున్నారు. జనం మధ్య నుంచి మందను కాసే మల్లయ్య తోసుకుంటూ వచ్చాడు. ఊరి పశువులన్నింటినీ పొద్దున్నే రోడ్డు దాటించి మేతకు తోలుకుపోయేది అతనే.

"చిన్న పంతులూ, జర దిగు."

"ఆగు మల్లన్నా, చెప్తున్న గద."

"చెప్పు చెప్పు. గని తోక పోయింది."

"కారుకు తోకేంది?"

"ఉండె గద. ఇప్పుడు లేదు."

వెనక్కి తిరిగాను. కారుకు తోక లేదు. తోక ఉండవలసిన చోట రెండు బర్రె మూతులు ఉన్నాయి. వాటి వెనక ఇంకా మూతులు. ఆ వెనక ఊరి మంద మొత్తం, సత్రంలో భోజనానికి వచ్చిన జనంలా, క్రమశిక్షణతో తమ వంతు కోసం నిలబడి ఉంది. కుడి రెక్కను ఒక ఆవు పాపడంలా కరకరలాడిస్తోంది. ఎడమ రెక్క దగ్గర రెండు దున్నలు తగవు పడుతున్నాయి.

"హై! హై! పోండ్రి! ఇది కారు!" అని అరిచాను. అది కారని వాటికి ఎవరూ చెప్పినట్టు లేదు.

"ఏం కలిపినవ్ చిన్న పంతులూ దీన్ల?" అన్నాడు మల్లయ్య ఒక మూతిని నెడుతూ. "పోతలేవు!"

"ఏం లేదు మల్లన్నా! మెంతులు, బెల్లం, తవుడు, గానుగ చెక్క, ఉప్పు..."

అవ్వ వైపు చూశాను. అవ్వ నా వైపు చూసింది. ఇద్దరికీ ఒకేసారి మా ఇంటి కుడితి తొట్టి కనిపించింది. పట్నం పాఠకుల కోసం చెబుతున్నాను: పాలిచ్చే పశువులకు సాయంత్రం పెట్టే బలమైన దాణా కుడితి. నేను చేసింది కారు కాదు. చక్రాలు వేసి, ఇంజను బిగించి, సున్నా నంబరు తగిలించిన కుడితి.

ఇంతలో ముందు వైపు టప్పున శబ్దం. నల్లపోరి వచ్చింది. అందరిలా అంచులు కొరకడం దానికి నామోషీ. కొమ్ములు దూర్చి బానెట్టును మొత్తంగా పెకలించి, మెడలో హారంలా వేసుకుని, రోడ్డు పక్క నీడకు నడిచి, తీరిగ్గా కాళ్లు ముడిచి కూర్చుంది.

"అవ్వా! బానెట్! గుంజుకో!"

అవ్వ ఒక అడుగు వేసి ఆగిపోయింది. "పోనియ్ బిడ్డా. ఈనిన కాంచి దానికి సరింగ తిండి లేదు. బాలింతది."

కన్నకొడుకు భవిష్యత్తు ఒకవైపు, బాలింత బర్రె ఒకవైపు. అవ్వ తేల్చుకోవడానికి రెప్పపాటు కూడా తీసుకోలేదు.

అప్పుడే దూరం నుంచి లారీ హారను వినిపించింది. ఇంజను లేపి చట్రం మీదికి దూకాను. కారు కదిలింది. మిగిలిన తొడుగు ఇంకా దాని మీదే ఉందని మందకు తెలుసు. మంద కూడా కదిలింది. బర్రె పరుగెత్తడం మీరు చూసి ఉండరు. అది పరుగెత్తాలని నిర్ణయించుకుంటే మనం చేయగలిగింది ఏమీ లేదు. రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా నల్లటి వరదలా నా వెనక వస్తోంది. అందుకున్న బర్రె అందుకున్నట్టే ఉరుకుతూ ఒక కాటు, ఇంకొక కాటు. మంద వెనక సేట్ లారీ, దాని మీద వంకాయ గంపలు, వాటి మీద మనుషులు, అందరూ ఈలలు. సేట్ హారను కొడితే మంద ఇంకా జోరుగా ఉరుకుతోంది. ఆ లెక్కన నన్ను గెలిపించడానికి ఆయనే పాటుపడుతున్నాడు.

మొయినాబాదులో అడుగుపెట్టేసరికి నా కింద మంచం పట్టీలు, సైకిలు చక్రాలు, ఇంజను, గోనెసంచి ఉన్నాయి. గోనెసంచిని కూడా ఒక మూల నమిలేశాయి. నా వెనక మంద. మంద వెనక లారీ. దుకాణాల వాళ్లు అరుగులెక్కి చూస్తున్నారు. ఎవరో ముసలాయన నన్ను చూసి, "కొత్త రకం పశువుల కాపరి గదరా, మోటారు మీద కాస్తున్నడు!" అన్నాడు.

నేను ఓడిపోలేదని అప్పటికీ నా గట్టి నమ్మకం. లారీ దిగిన సేట్‌కు ఎదురెళ్లాను.

"సేట్! నేనే ముందొచ్చిన. షర్తు గెలిచిన."

సేట్ కళ్లలో నీళ్లు తుడుచుకుంటూ నా చట్రం చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. "నువ్వొచ్చినవ్ బేటా. కారేది?"

"ఇదే కారు."

"ఇది పలంగ్, పండుకునే మంచం. నేను ఏమన్న? మొత్తం కారు రావాలెనన్న."

నేను తగ్గలేదు. వాదనలో నన్ను మించినవాడు మా తాలూకాలో లేడు. "సేట్, ఇన్సాఫ్‌గ మాట్లాడుదం. తొడుగంత ఏడున్నది? గీ బర్ల కడుపుల ఉన్నది. గీ బర్లు ఏడున్నయ్? మొయినాబాద్‌ల. నీ లారీ కంటే ముందొచ్చినయా, ఎనకొచ్చినయా?"

"ముందే వచ్చినయ్," అన్నారు జనం ముక్తకంఠంతో.

"అయితే మొత్తం కారు నీకంటే ముందొచ్చినట్టే గద! కొంత నా కింద వచ్చింది, కొంత ఆటి కడుపుల వచ్చింది. ఎట్ల వచ్చిందని షర్తుల లేదు!"

జనం హోరెత్తారు. ఎవరో నన్ను భుజాల మీదికి ఎత్తుకోబోయారు. సేట్ గడ్డం నిమురుకున్నాడు. గెలుపు నాదేనని నాకు తెలిసిపోయింది. కార్ఖానా గేటు నా కళ్ల ముందు తెరుచుకుంటోంది. నూనె మరకలు, నీలం అంగీ, చేతిలో పానా...

"ఒక్క మాట," అన్నాడు సేట్. "బానెట్ ఎవరి కడుపుల వచ్చింది?"

నేను మందలో నల్లపోరి కోసం వెతికాను.

"మలుపు కాడ ఒక పెద్ద బర్రె కూసున్నది, మెడల సున్న నంబరేసుకొని. నేను లారీ మెల్లగ చేసి సలాం గూడ చేసిన. అది లేస్తలేదు. మీ అవ్వ దాని ఈపు దువ్వుతున్నది." సేట్ నా భుజం మీద చెయ్యి వేశాడు. చాలా మర్యాదగా, చావు కబురు చెప్పే మనిషిలా అన్నాడు. "కారు వచ్చింది దానం. కాదన. గని బానెట్ రాలే. ఆడనే నెమరేస్తున్నది."

అలా ఒక బానెట్టు తేడాతో నేను ఓడిపోయాను. రేసుల చరిత్రలో ఇంత స్వల్ప తేడాతో, ఇంత నిదానంగా ఎవరూ ఓడి ఉండరు.

మందను వెనక్కి తోలుకుపోయే పని కూడా నా మీదే పడింది. బెల్లం వాసన వదలని చట్రం మీద కూర్చుని నేను ముందు పోతే తప్ప అవి కదల్లేదు. మలుపు దగ్గర బాపు ఇంకా చేతులు కట్టుకునే ఉన్నాడు. నన్ను చూశాడు, చట్రాన్ని చూశాడు, మందను చూశాడు.

"అప్పుడే పని మొదలుపెట్టినవా?" అన్నాడు. "మంచిది."

నేను తల వంచుకుని కొట్టంలో మూలన కూర్చున్నాను. ఆ సాయంత్రం అవ్వ నల్లపోరి కింద చెంబు పెట్టింది. నిండింది. ఇంకొక చెంబు తెమ్మంది. అదీ నిండింది. చివరికి ఇంటి బిందె పట్టుకొచ్చింది. మిగతా బర్రెలదీ అదే వరుస. రాత్రికి ఊళ్లో ఎవరి ఇంట్లో చూసినా పాలు పొంగుతున్న వాసనే. నన్ను కార్ఖానాకు పనికిరాకుండా చేసిన పాలు ఊరంతా తోడు పెట్టుకుని పడుకుంది.

తెల్లవారి నేను మాట ప్రకారం కర్ర పట్టుకుని బర్రెల వెనక బయలుదేరుతుంటే, వాకిట్లో ఆడవాళ్లు గుంపుగా నిలబడి ఉన్నారు. ఒకామె బెల్లం గడ్డ తెచ్చింది, ఒకామె చేటలో తవుడు, ఒకామె కొంగున మెంతులు. ఓదార్చడానికి వచ్చారనుకుని కళ్లు చెమర్చాయి.

"బిడ్డా దానం," అంది ముందున్న పెద్దామె, ఎంతో ఆప్యాయంగా, "ఇంకో కారు ఎప్పుడు చేస్తవ్?"

బాపు అరుగు మీద కూర్చుని పాలు ఎక్కువైన చాయ్ తాగుతున్నాడు. ఆ ఇంట్లో మళ్లీ మోటారు ముచ్చట ఎత్తొద్దని శాసించిన మనిషి గ్లాసు దించి, గొంతు సవరించుకుని అన్నాడు:

"మోటారు లేకున్న మంచిదే. బానెట్ మాత్రం జర పెద్దగ చెయ్."

కాబట్టి పాఠకులారా, ఎంకపల్లి మంద సాక్షిగా నేను చేస్తున్న ప్రతిజ్ఞ ఇది. నెమరు వేయడానికి వీలున్న ఏ వాహనంలోనూ నేను ఈ జన్మలో కాలు పెట్టను. పెట్టవలసి వస్తే ముందుగా ఒక బాలింత బర్రెను పిలిపించి, దాని ముందు నిలబెట్టి, అది వాసన చూసి మూతి తిప్పుకున్నాకే ఎక్కుతాను. ఎక్కాక, ఎంత మంది చప్పట్లు కొట్టినా, ఆపి ఉపన్యాసం ఇవ్వను.